చిన్న పట్టణంలో పరేడ్: ముందు చివరి వంద మీటర్ల సంగతి చూడండి

పరేడ్ బాధ్యత మొదటిసారి మీ మీద పడిందని, నలభై బృందాలు పేర్లు ఇచ్చాయని, దారి రెండు కిలోమీటర్లని, చేతిలో మూడు నెలలు ఉన్నాయని రాశారు. పోయినసారి వేరేవాళ్లు నడిపినప్పుడు గంటలో అవ్వాల్సింది రెండున్నర గంటలు పట్టిందని, మధ్యలో పెద్ద ఖాళీలు రావడంతో అయిపోయిందనుకుని సగం జనం ఇళ్లకు వెళ్లిపోయారని కూడా చెప్పారు. అలా ఎందుకైంది, ఈసారి కాకుండా ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

పదిహేడేళ్లుగా నేను ఈ పనిలో ఉన్నాను. మొదట రోడ్డు పక్కన తాడు పట్టుకున్నాను, తర్వాత బృందాలను వరుసలో నిలబెట్టాను, తొమ్మిదేళ్లుగా మొత్తం బాధ్యత చూస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఒక్కటే. పరేడ్ చెడేది జనం నిలబడి చూసే నడివీధిలో కాదు. బయల్దేరే చోట చెడుతుంది, ముగిసే చోట చెడుతుంది. అందులోనూ ముగిసే చోటే ఎక్కువ. కానీ కమిటీ సమావేశాల్లో ఎవరూ మాట్లాడనిది కూడా ఆ ముగింపు గురించే. అందరి దృష్టీ వేదిక మీద, ముఖ్య అతిథి మీద, శకటాల అలంకారం మీద ఉంటుంది.

ముందు ఒక లెక్క వేసుకుందాం. కాగితం తీసుకుని మీరూ వేయండి. నడిచే బృందం కానీ, వాహనం లాగే శకటం కానీ, సగటున ఒక్కొక్కటి 15 మీటర్ల రోడ్డు తీసుకుంటుంది. వెనకదానికీ దీనికీ మధ్య 10 మీటర్లు వదలాలి. అంటే ఒక్కో బృందానికి 25 మీటర్లు. నలభై బృందాలకు వెయ్యి మీటర్లు. మీ పరేడ్ పొడవే ఒక కిలోమీటరు. పిల్లలు, పెద్దవాళ్లు కలిసిన ఊరేగింపు గంటకు 3 కిలోమీటర్లు నడుస్తుంది, అంటే నిమిషానికి 50 మీటర్లు. మొదటి బృందానికి రెండు కిలోమీటర్లు దాటడానికి 40 నిమిషాలు. చివరి బృందం మొదటిదానికంటే 20 నిమిషాలు ఆలస్యంగా బయల్దేరుతుంది. మొత్తం కలిపి గంట. గంట అన్న అంచనా తప్పేమీ కాదు, పోయినసారి వాళ్లు కూడా ఇదే వేసుకుని ఉంటారు.

ఇప్పుడు అదే లెక్కను ముగింపు దగ్గర నిలబడి చూడండి. నలభై బృందాలు 20 నిమిషాల్లో వచ్చి చేరుతున్నాయి. అంటే ప్రతి 30 సెకన్లకు ఒక బృందం. పాతికమంది పిల్లలు వచ్చి, "ఒక్క ఫోటో" అని ఒక నిమిషం ఆగితే వెనక రెండు బృందాలు నిలిచిపోయాయన్నమాట. ట్రాక్టరు వెనక ట్రాలీ ఉన్న శకటం సందులోకి తిరగలేక ముందుకూ వెనక్కీ మూడు నిమిషాలు తంటాలు పడితే ఆరు బృందాలు. ఆ ఆగడం అక్కడితో అయిపోదు, వెనక్కి పాకుతుంది. ముందువాళ్లు ఆగారని వెనకవాళ్లు ఆగుతారు, వాళ్లు కదిలాక వీళ్లు కాస్త ఆలస్యంగా కదులుతారు, ఆ ఆలస్యం వరుస పొడవునా పెరుగుతూ పోతుంది. కిలోమీటరు అవతల నిలబడ్డవాళ్లకు కారణం కనిపించదు, ఎదురుగా ఖాళీ రోడ్డు మాత్రమే కనిపిస్తుంది.

నేను మొదటిసారి మొత్తం బాధ్యత తీసుకున్న ఏడాది సరిగ్గా ఇదే జరిగింది. ముగింపు దగ్గర ఇద్దరు కుర్రాళ్లను పెట్టాను. తల్లిదండ్రులందరూ తమ పిల్లలను తీసుకోవడానికి అక్కడికే వచ్చారు. పిల్లలను చూడగానే రోడ్డు మధ్యలోకి వచ్చి హత్తుకున్నారు, నీళ్లు తాగించారు, ఫోటోలు తీసుకున్నారు. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ వెనక నాలుగు వందల మీటర్ల దూరంలో ఒక స్కూలు బ్యాండు ఎండలో ఇరవై నిమిషాలు నిలబడిపోయింది. పెద్ద డ్రమ్ము మోస్తున్న పాప కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. ఆ పాప కోలుకుని లేచి నవ్వేదాకా నాకు ఊపిరి ఆడలేదు. మరుసటి ఏడాది నుంచి నా దగ్గరున్న అత్యంత గట్టి మనుషులు ఎనిమిదిమందిని ముగింపు దగ్గరే పెడుతున్నాను.

అక్కడ చేయాల్సినవి ఇవి. పరేడ్ ముగిసినట్టు జనానికి కనిపించే గీత ఒకటి, నిజంగా ఆగే చోటు ఇంకొకటి ఉండాలి. రెండింటి మధ్య కనీసం రెండు వందల మీటర్ల ఖాళీ దారి ఉండాలి, దాన్ని ఏ బృందమూ ఆగకుండా దాటాలి. ఆ తర్వాత దారి మూడుగా చీలాలి. వాహనాలు ఒకవైపు, నడిచేవాళ్లు ఒకవైపు, పిల్లల బృందాలు ఇంకోవైపు. పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించే చోటు దారి మీద కాకుండా పక్కనున్న మైదానంలోనో స్కూలు ఆవరణలోనో ఉండాలి. బృందం నంబరు రాసిన పలకలు అక్కడ పాతి, "మీ పాప పదిహేడో నంబరు బృందం, పదిహేడు పలక దగ్గర నిలబడండి" అని తల్లిదండ్రులకు వారం ముందే చెప్పాలి. నీళ్లు, నీడ కూడా అక్కడే పెట్టండి. నీళ్లు ఎక్కడుంటే మనుషులు అక్కడికే నడుస్తారు, ఆపమని అరవాల్సిన పని ఉండదు. వాహనాలు తిరగకుండా, రివర్సు చేయకుండా నేరుగా బయటికి పోయే దారి ఉన్న చోటునే ముగింపుగా ఎంచుకోండి. అలాంటి చోటు దొరక్కపోతే దారినే మార్చండి, ముఖ్యవీధి కొంత తగ్గినా నష్టం లేదు.

ఇది ఆలస్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2010 జూలై 24న జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌లో లవ్ పరేడ్ అనే సంగీత వేడుకలో 21 మంది తొక్కిసలాటలో నలిగి చనిపోయారు. అది జరిగింది సంగీతం మోగుతున్న మైదానంలో కాదు. సొరంగాల గుండా వచ్చే ఒకే ర్యాంపును లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ వాడారు, అక్కడ జరిగింది. మీది చిన్న పట్టణం, అంత జనం రారు, నిజమే. కానీ వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఇరుకులో ఎదురెదురు పడటం అన్నది జనం సంఖ్యను బట్టి కాదు, స్థలాన్ని బట్టి వచ్చే ప్రమాదం. ఒక చదరపు మీటరులో నలుగురు నిలబడితే ఇరుకుగా ఉన్నా ఎవరికివారు కదలగలరు. ఆరేడుగురు అయితే మనిషి కదలిక తన చేతిలో ఉండదు, గుంపు ఎటు ఊగితే అటు పోతాడు. ముగింపు దగ్గర, వేదిక దగ్గర, ఇరుకు సందుల మొదట్లో ఈ సంఖ్యను కంటితో అంచనా వేయగలిగే మనిషి ఒకరు ఉండాలి. కాస్త ఎత్తులో నిలబెట్టండి, కింద నిలబడితే తెలియదు.

ఇక బయల్దేరే చోటు. మీ పరేడ్ పొడవు కిలోమీటరు అని లెక్క తేలింది కదా, ఆ కిలోమీటరు పట్టే చోటు మీ దగ్గర ఉందా? ఒకే రోడ్డు మీద లేకపోతే రెండు మూడు వీధులను కలుపుకోవాలి, అప్పుడు ఏ వీధి ముందు కదలాలో రాసిపెట్టుకోవాలి. ముందురోజు సాయంత్రం సుద్దముక్కతో ప్రతి 25 మీటర్లకు రోడ్డు మీద నంబరు వేయండి. బృందానికి వారం ముందు పంపే కాగితంలో నంబరు, ఏ వైపు నుంచి రావాలి, ఎన్ని గంటలకు రావాలి అన్న మూడే మూడు విషయాలు ఉండాలి. మిగతా సూచనలన్నీ వేరే కాగితంలో రాయండి, ఎందుకంటే ఆ రోజు ఉదయం ఎవరూ రెండో పేజీ చదవరు.

పేర్లు నమోదు చేసుకునేటప్పుడే కొన్ని అడగాలి. మొత్తం పొడవు మీటర్లలో, ఎత్తు, మనుషుల సంఖ్య, వాహనం ఏమిటి, మైకు లేదా పాటలు ఉన్నాయా, జంతువులు ఉన్నాయా. అన్నిటికంటే ముఖ్యంగా ఆ రోజు బృందంతో పాటు నడిచే మనిషి ఫోను నంబరు. సంస్థ అధ్యక్షుడి నంబరు తీసుకుంటే ఆయన ఆ సమయానికి వేదిక మీద ఉంటాడు, ఫోను మోగినా ఎత్తడు.

బయల్దేరదీసే మనిషి చేతిలో గడియారం ఉండాలి. ముప్పై సెకన్లకు ఒక బృందం, ఏదైనా బృందం సిద్ధంగా లేకపోతే దాన్ని పక్కకు తప్పించి తర్వాతిదాన్ని వదలాలి. ఆలస్యమైనవాళ్లు చివర్లో చేరతారు. ఈ నియమం అందరికీ ముందే చెప్పి, మొదటి ఏడాదే కచ్చితంగా పాటించండి. ఒక పెద్దమనిషి బృందం కోసం నేను ఒకసారి ఆరు నిమిషాలు ఆపాను. ఆ ఆరు నిమిషాల ఖాళీ చివరిదాకా పూడలేదు.

వరుస విషయంలో మీకు చాలా టెన్షన్ వస్తుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదాని మీద పట్టణాల్లో మనసులు విరిగిపోతాయి, ఏళ్ల తరబడి ఆ మాట నిలుస్తుంది. నా పద్ధతి ఏమిటంటే, పని కోసం తప్పనిసరైన నియమాలు ముందు రాసి అందరికీ ఇస్తాను, ఆ నియమాల లోపల మిగిలిన స్థానాలకు అందరి ఎదుట చీటీలు తీస్తాను. చీటీ మీద కోపం తెచ్చుకున్నవాళ్లను ఇంతవరకు చూడలేదు.

ఆ తప్పనిసరి నియమాల్లో మొదటిది, నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, చిన్నపిల్లలు వెనక ఉంటే ఎవరికీ అడ్డుండదనుకుంటారు. నెమ్మదివాళ్లు ముందుంటే అందరూ ఆ వేగానికి సర్దుకుంటారు, ఖాళీ రాదు. మధ్యలో ఉంటే వాళ్ల ముందు ఖాళీ, వాళ్ల వెనక రద్దీ. పైగా ముందుండే పిల్లలు నిలబడి ఎదురుచూసే సమయం తక్కువ, ముందే పూర్తిచేసి నీడకు చేరిపోతారు. ఖాళీ వస్తే వెనకవాళ్లను పరుగెత్తించకండి. ముందు నడుస్తున్న వాహనానికి వాకీటాకీలో చెప్పి వేగం తగ్గించమనండి. పిల్లలు బూట్లతో, వాయిద్యాలతో పరుగెత్తి పడటం నేను రెండుసార్లు చూశాను.

బ్యాండ్ల సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. బ్యాండు సాధారణంగా నిమిషానికి 120 అడుగులు వేస్తుంది, అంటే అడుగుకు అర సెకను. వాళ్లు సాధన చేసే అడుగు సుమారు 57 సెంటీమీటర్లు ఉంటే నిమిషానికి 68 మీటర్లు పోతారు. మీ పరేడ్ 50 మీటర్లే పోతోంది. కాబట్టి బ్యాండు పదే పదే ముందు బృందం మీదికి వచ్చేస్తుంది, ఆగుతుంది, పాట తెగుతుంది. అడుగు 42 సెంటీమీటర్లకు కుదించి సాధన చేయమని రెండు నెలల ముందే బ్యాండు మాస్టారికి చెప్పండి. తాళం మారదు, వేగం సరిపోతుంది. రెండోది, రెండు బ్యాండ్లు దగ్గరగా ఉండకూడదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 85 మీటర్ల దూరంలోని డ్రమ్ము దెబ్బ పావు సెకను ఆలస్యంగా వినిపిస్తుంది, అంటే సరిగ్గా రెండు అడుగుల మధ్యలో పడుతుంది. రెండు బ్యాండ్లూ ఒకే తాళంలో వాయించినా సరే, ఎంత సాధన చేసిన పిల్లలైనా అడుగు తప్పుతారు. కనీసం ఆరేడు బృందాలు మధ్యలో పెట్టండి, ఆ మధ్యలో పెద్ద స్పీకర్లున్న శకటం రాకుండా చూడండి. గుర్రాలను బ్యాండ్లకూ సైరన్లకూ దూరంగా, బాగా వెనక పెట్టాలి, వాటి వెనకే ఊడ్చేవాళ్లు నడవాలి. అగ్నిమాపక వాహనం ఊరేగింపులో పాల్గొంటుంటే కొసన ఉండనివ్వండి, పిలుపు వస్తే అక్కడినుంచి సులువుగా బయటపడుతుంది.

వేదిక ముందు ఆగి ప్రదర్శన ఇవ్వడం మాత్రం పూర్తిగా ఆపించండి. పోయినసారి మీకు రెండున్నర గంటలు పట్టడానికి ఇదీ ఒక పెద్ద కారణం అయ్యుండవచ్చు. నలభై బృందాలు తలా రెండు నిమిషాలు ఆగితే ఎనభై నిమిషాలు. ప్రదర్శన ఇవ్వాలనుకునేవాళ్లకు పరేడ్ అయ్యాక మైదానంలో వేరే సమయం ఇవ్వండి. దారిలో మాత్రం నడుస్తూ చేయగలిగిందే చేయాలి.

దారిని కాగితం మీద కాదు, మీ పరేడ్‌లో వచ్చే అతి పొడవైన వాహనంతో ఒకసారి నడిపి చూడండి. మలుపులో ట్రాలీ వెనక చక్రాలు లోపలి వైపు కోసుకుంటూ వస్తాయి, సరిగ్గా జనం నిలబడే మూలలోకి. అలాంటి మూలల్లో తాడు వెనక్కి జరపాలి. కరెంటు తీగలు, కేబుల్ తీగలు, చెట్ల కొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయో విద్యుత్ శాఖవాళ్లతో కొలిపించండి, మీరు కర్ర పెట్టి కొలవకండి. దారిలో రైల్వే గేటు ఉంటే దాటనివ్వకండి, దారి మార్చండి. 2012 నవంబరులో అమెరికాలో టెక్సస్‌లోని మిడ్‌లాండ్‌లో మాజీ సైనికులను గౌరవించే పరేడ్‌లో ఒక శకటాన్ని పట్టాల మీద రైలు ఢీకొట్టింది, నలుగురు మాజీ సైనికులు చనిపోయారు. గేటు గుండా దారి పెట్టడంలోని ప్రమాదాన్ని నగరమూ నిర్వాహకులూ గుర్తించలేదని విచారణలో తేలింది. వేరే దారి అసలు లేకపోతే, రైల్వేవాళ్లు రాతపూర్వకంగా ఏర్పాటు ఒప్పుకుంటేనే కదలండి.

అడ్డరోడ్ల దగ్గర ప్లాస్టిక్ బారికేడ్లు, కర్రలు దారి మూసినట్టు చూపిస్తాయి కానీ వాహనాన్ని ఆపవు. 2021 నవంబరు 21న అమెరికాలో విస్కాన్సిన్‌లోని వాకేషాలో క్రిస్మస్ పరేడ్ మీదికి ఒకడు కారు నడిపాడు, ఆరుగురు చనిపోయారు. ప్రతి అడ్డరోడ్డుకూ ఒక బరువైన లారీనో బస్సునో అడ్డంగా నిలపండి, డ్రైవరు సీట్లోనే ఉండాలి. అంబులెన్సు రావాలంటే అతను రెండు నిమిషాల్లో పక్కకు తీయగలగాలి. అంబులెన్సు, ఫైరింజను పరేడ్‌ను అడ్డంగా దాటే చోట్లు రెండు మూడు ముందే గుర్తించి, అక్కడ నిలబడే వాలంటీర్‌కు వరుసను ఆపే అధికారం ఇవ్వండి. ఎవరినీ అడగక్కర్లేదు అని స్పష్టంగా చెప్పండి.

శకటాల విషయంలో నాకు భయం ఎక్కువ, దాచుకోను. అలంకరణ గుడ్డ చక్రాలను కప్పేస్తుంది, డ్రైవరుకు ముందు నాలుగు మీటర్లు కనిపించవు. ప్రతి శకటానికీ నాలుగు మూలల నలుగురు పెద్దవాళ్లు నడవాలి. వాళ్లను ఆ బృందమే తీసుకురావాలి, రాకపోతే శకటం కదలదు. కదులుతున్నప్పుడు ఎవరూ ఎక్కకూడదు, దిగకూడదు. శకటం మీద నుంచి చాక్లెట్లు, బొమ్మలు విసరడం వద్దు. విసిరింది రోడ్డు మీద పడితే పిల్లవాడు దానికోసమే వంగుతాడు, చక్రాన్ని చూడడు. ఇవ్వాలనుకుంటే పక్కన నడుస్తూ చేతికి ఇవ్వాలి. ఇంజను పొగ, జనరేటరు పొగ గుడ్డ లోపల చేరకుండా గొట్టం బయటికి పెట్టించండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, లోపల కూర్చున్నవాడికి తలనొప్పి మొదలయ్యేసరికే ఆలస్యం కావచ్చు. జనరేటరు ఉన్న ప్రతి శకటం మీదా మంటలార్పే సిలిండరు ఉండాలి.

వాతావరణం గురించి ముందే నిర్ణయించుకోండి, ఆ రోజు కమిటీలో చర్చ పెట్టకండి. మెరుపు కనిపించాక ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ఆపేయాలి, చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి. గాలికి పెద్ద బెలూన్లు, బ్యానర్లు ప్రమాదం. 1997లో న్యూయార్క్ నగరంలో మేసీస్ అనే దుకాణం ఏటా నడిపే పరేడ్‌లో ఒక భారీ బెలూను గాలికి దీపస్తంభాన్ని ఢీకొంటే ఒక మహిళ తీవ్రంగా గాయపడింది. ఆ తర్వాత అక్కడ గాలి వేగం నిలకడగా గంటకు 37 కిలోమీటర్లు, విసురుగా 55 కిలోమీటర్లు దాటితే పెద్ద బెలూన్లు ఎగరకూడదని నియమం పెట్టారు. మీ పట్టణంలో అంత నేర్పున్నవాళ్లు ఉండరు కాబట్టి అంతకంటే తక్కువ గాలికే బ్యానర్లు దించేయండి. ఆపే నిర్ణయం ఒక్కరిదే అయ్యుండాలి. ఆ ఒక్కరు వేదిక మీద కూర్చోకూడదు.

అనుమతుల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇవి చోటును బట్టి మారతాయి. పోలీసులు, పురపాలక కార్యాలయం, అగ్నిమాపక శాఖ, ఆసుపత్రి, బస్సులు నడిపేవాళ్లు, వీళ్లందరినీ ఒకే గదిలో ఒకేసారి కూర్చోబెట్టండి. విడివిడిగా తిరిగితే ఒకరు ఒప్పుకున్న దారిని ఇంకొకరు మారుస్తారు. బీమా సంగతి ఆ సమావేశంలోనే తేల్చుకోండి. దారి వెంబడి ఉన్న ఇళ్లకు మాత్రం మీరే స్వయంగా వెళ్లండి. ఆ ఉదయం డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషి, నెలలు నిండిన గర్భిణి, మంచం మీదున్న పెద్దాయన ఆ ఇళ్లలోనే ఉంటారు. నేను వెళ్లిన ప్రతిసారీ కనీసం ఒక్క ఇంట్లో అయినా ఇలాంటివాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు రాసుకుని, ఎవరు ఎటు తీసుకెళ్తారో ముందే అనుకోండి. రోడ్డు మీద నిలిపిన కార్లు ముందురోజు రాత్రే తీయించాలి, దానికీ ఈ పరిచయమే పనికొస్తుంది.

మరుగుదొడ్లు దారి పొడవునా కంటే బయల్దేరే చోట ఎక్కువ కావాలి. అక్కడే మనుషులు గంటసేపు నిలబడతారు.

వాలంటీర్లు ఎంతమంది కావాలన్నారు. అడ్డరోడ్డుకు ఇద్దరు చొప్పున తొమ్మిది అడ్డరోడ్లుంటే పద్దెనిమిది, బయల్దేరే చోట ఎనిమిది, ముగింపు దగ్గర ఎనిమిది, అయిదు బృందాలకు ఒకరు చొప్పున పక్కన నడిచేవాళ్లు ఎనిమిది. మొత్తం నలభై రెండు, రానివాళ్ల కోసం ఇంకో అయిదుగురు. జనం గుమిగూడినప్పుడు మొబైల్ ఫోన్లు సరిగా కలవవు, కాబట్టి వాకీటాకీలు కనీసం ఆరు ఉండాలి. ముందు వాహనం, చివరి వాహనం, బయల్దేరే చోటు, ముగింపు, అంబులెన్సు, మీరు. తప్పిపోయిన పిల్లలను ఎక్కడికి తీసుకురావాలో ప్రతి వాలంటీరుకూ తెలిసి ఉండాలి. ఆ చోటు ఒక్కటే ఉండాలి.

చివరి బృందం వెనక ఒక వాహనం నడుస్తుంది. అది దాటిన వీధిని పోలీసులు తెరుస్తారు, ఊడ్చేవాళ్లు దిగుతారు. మరుసటి రోజే, గుర్తున్నవి చెరిగిపోకముందే, ప్రతి మూల నిలబడ్డ వాలంటీరు దగ్గర ఏ బృందం ఎన్ని గంటలకు దాటిందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో రాయించుకోండి. వచ్చే ఏడాది మీ దగ్గర అంచనాలు కాక అసలు సమయాలు ఉంటాయి.

ఇప్పటికైతే ఒక్క పని చేయండి. ఈ ఆదివారం దారి చివరికి వెళ్లి, ట్రాక్టరుతో సహా ఒక ట్రాలీని అక్కడ నడిపించి చూడండి. అది రివర్సు చేయకుండా బయటికి పోగలిగితే మీ దారి సరైనదే. లేకపోతే ఎక్కడ ఇరుక్కుందో కొలతలతో రాసి పంపండి, ముగింపు ఎటు జరపాలో కలిసి చూద్దాం.